ఓటు అడిగే అమ్మ

ఎన్నికల నెలలో మా వీధిలోకి ప్రచారం వచ్చిన ప్రతిసారీ ఒక తేడా కళ్లకు కడుతుంది. అభ్యర్థి మగవాడైతే జీపు మీద నుంచే రెండు చేతులూ జోడిస్తాడు, ఓ పెద్దాయన భుజం తడతాడు, ముందుకు సాగిపోతాడు. అభ్యర్థి ఆడమనిషైతే పని అంత తేలిగ్గా తెమలదు. గడప దగ్గర ఆగాలి. ఇంటావిడ బొట్టు పెడితే నుదురు వంచి పెట్టించుకోవాలి. ఎవరి చంకలోనైనా పసిపిల్ల ఉంటే అందుకోవాలి. ఆ పిల్ల కొత్త మొహం చూసి గుక్కపట్టి ఏడిస్తే, ఊరుకోబెట్టడం తనకు చేతనవునని అక్కడున్న వాళ్లందరి ముందూ చూపించాలి. నాలుగు ఫోన్లు ఆ ఊరుకోబెట్టడాన్నే ఫొటో తీస్తుంటాయి. చివరికి కొంగు చాచి అడగాలి: మీ ఇంటి ఆడబిడ్డననుకోండి, మీ అమ్మననుకోండి, ఓటేయండి అని.

కొంగు చాచడం మనకు చిన్న మాటేమీ కాదు. పిల్లాడి మూతి తుడిచేది, జ్వరం వస్తే తడిపి నుదుటి మీద వేసేది ఆ కొంగే, సంతలో మిగిలిన చిల్లర ముడివేసి దాచేది ఆ కొంగులోనే. అది ముందుకు చాచగానే ఇవన్నీ ఒక్కసారిగా ఎదుటివాడి మనసులో కదులుతాయి. రోడ్డు వేయిస్తాను, నీళ్లు తెప్పిస్తాను అని ఎంతసేపు చెప్పినా రాని దగ్గరితనం ఆ ఒక్క కదలికతో వస్తుంది. అందుకే ప్రచారం నడిపేవాళ్లు మహిళా అభ్యర్థికి మొదట నేర్పేది ఇదే.

ఈ అవసరం ఆడవాళ్లకే ఎందుకు వచ్చిందని ఎవరైనా అడగొచ్చు. కారణం మన కళ్లెదుటే ఉంది. అధికారపు కుర్చీ అనగానే అందులో మగవాణ్ణి ఊహించుకోవడం మనకు అలవాటు. అక్కడికి ఒక స్త్రీ వచ్చి కూర్చోగానే, ఆమె ఏం చేయగలదన్న ప్రశ్న కంటే ముందు ఆమె ఎవరి మనిషి అన్న ప్రశ్న వస్తుంది. ఎవరి కూతురు, ఎవరి భార్య, మొగుడేం చేస్తాడు, పిల్లలెంతమంది. ఈ ప్రశ్నలకు చుట్టరికపు పిలుపు ఒకేసారి జవాబు చెప్పేస్తుంది. మమతా బెనర్జీ బెంగాల్‌కు దీదీ అయింది, మాయావతి ఉత్తరప్రదేశ్‌కు బెహన్‌జీ అయింది. 2000లో భర్త ఇంద్రారెడ్డి రోడ్డు ప్రమాదంలో పోయాక రాజకీయాల్లోకి వచ్చిన సబితా ఇంద్రారెడ్డిని వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్ల చెల్లెమ్మ అన్నారు, ఆ పేరే స్థిరపడింది. 2009లో ఆమె హోంమంత్రి అయినా జనం నోట్లో చెల్లెమ్మే.

అక్క, చెల్లెలు, ఆడపడుచు, అమ్మ. వీటన్నిటిలో అమ్మ అన్నదానికి ఉన్న బలం వేరు. చెల్లెలికి అన్న అండ కావాలి. అక్కకు తమ్ముడు ఎదురు చెప్పగలడు. అమ్మ దగ్గర మాత్రం అరవై ఏళ్లవాడైనా పిల్లాడే. ఆడదాని చేత చెప్పించుకోవడం నామోషీ అనుకునే మగవాడు కూడా అమ్మ చెప్పిన మాట వినడానికి సిగ్గుపడడు, ఎందుకంటే ఇంట్లో పుట్టినప్పటి నుంచీ విన్నాడు. స్త్రీ మీద పడే చెడు చూపును, ఆమె శీలం గురించి లేచే గుసగుసను కూడా ఆ పిలుపే అడ్డుకుంటుంది. పరాయి మగవాళ్ల మధ్య రోజంతా తిరిగి పనిచేయాల్సిన మనిషికి ఇది కవచం. ఆ కవచం తొడుక్కున్నందుకు ఏ స్త్రీనీ నేను తప్పుపట్టను. లేకుండా తిరిగినవాళ్లు ఎన్ని మాటలు పడ్డారో చూశాం.

మన తెలుగులో అమ్మ అన్నది పేరు చివర చేరే మాట కూడా. రుద్రమ్మ, నాగమ్మ, ఎల్లమ్మ, పోలేరమ్మ. రాణికీ, ఇంటి ఆడమనిషికీ, గ్రామదేవతకూ ఒకటే ముడి. ఇందిరాగాంధీ మన ఊళ్లలో ఇందిరమ్మ అయిపోవడానికి ఏ పార్టీ ఆఫీసూ తీర్మానం చేయనక్కర్లేకపోయింది, భాషే ఆ పని చేసింది. ఎమర్జెన్సీ తర్వాత 1977లో ఉత్తరాది ఆమెను ఊడ్చిపారేస్తే, ఆంధ్రప్రదేశ్ 42 లోక్‌సభ స్థానాల్లో 41 ఆమె పార్టీకి ఇచ్చింది. 1980లో ఆమె రాయ్‌బరేలీ, మెదక్ రెండుచోట్లా గెలిచి మెదక్‌నే ఉంచుకున్నారు. 1984 అక్టోబరు 31న హత్యకు గురైన రోజున కూడా ఆమె మెదక్ ఎంపీయే. తర్వాత ఇరవై రెండేళ్లకు, 2006లో ఉమ్మడి రాష్ట్రంలో ఇందిరమ్మ పథకం వచ్చింది. 2024 మార్చిలో భద్రాచలంలో తెలంగాణ ప్రభుత్వం ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని మళ్లీ మొదలుపెట్టింది. మనిషి పోయిన నలభై ఏళ్లకు కూడా ఇంటి గోడ మీద పేరు నిలవడంలో ఆ ‘అమ్మ’ పాలు చాలానే ఉంది. కేంద్రం ఇళ్ల పథకం ఇందిరా ఆవాస్ కాగితం మీది పేరుగానే ఉండిపోయింది, ఇందిరమ్మ ఇల్లు నోట్లో నిలిచింది.

అయితే ఈ పిలుపు ఎంత దూరం వెళ్లగలదో, దానికి జనం ఎంత వెల చెల్లించాల్సి వస్తుందో తెలియాలంటే చెన్నై వెళ్లాలి.

జయలలిత మనకు పరాయి మనిషి కాదు. 1965లో ‘మనుషులు మమతలు’తో తెలుగు తెరకొచ్చి, ‘గూఢచారి 116’లో కృష్ణ పక్కన, ‘చిక్కడు దొరకడు’లో ఎన్టీఆర్ పక్కన నటించిన మనిషి. తల్లి సంధ్య కూడా సినిమా నటే. జయలలిత పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు. 1982లో తమిళనాడు ముఖ్యమంత్రి ఎంజీఆర్ పార్టీలో చేరారు. 1987 డిసెంబరులో ఆయన చనిపోయినప్పుడు రాజాజీ హాల్లో భౌతికకాయం తల దగ్గర గంటల తరబడి నిలబడ్డారు. అంతిమయాత్ర బండి మీద నుంచి ఆమెను కిందికి తోసేశారు. చట్టబద్ధమైన భార్య జానకి ఉండగా ఈమె ఎవరు అన్నది ఆ రోజు అక్కడున్నవాళ్ల ప్రశ్న. 1989 మార్చి 25న శాసనసభలో జరిగిన గొడవలో తన చీర లాగారని ఆమె ఆరోపించారు. ముఖ్యమంత్రిగా తప్ప ఇక ఆ సభలో అడుగుపెట్టనని శపథం చేసి బయటికొచ్చారు, 1991లో అలాగే అడుగుపెట్టారు.

ఆమె స్థానంలో నిలబడి ఆలోచించండి. సినిమా తార, పెళ్లి కాని స్త్రీ, భార్య అన్న హోదా లేకుండా ఒక మగ నాయకుడి వారసత్వం అడిగిన మనిషి. మన సమాజం ఇలాంటి స్త్రీ గురించి ఏం మాట్లాడుతుందో అవన్నీ ఆమె గురించి మాట్లాడింది. మొదట్లో ఆమెకు పార్టీ వాడిన బిరుదు పురట్చి తలైవి, అంటే విప్లవ నాయకురాలు. ఎంజీఆర్ బిరుదునే స్త్రీలింగంలోకి మార్చి ఇచ్చింది అది. అందులో ఇంకా ఆయన నీడ ఉంది. అమ్మ అన్న పిలుపు బలపడే కొద్దీ ఆ నీడ పక్కకు తొలగింది. ఒంటిని కప్పుతూ చీర మీద భుజాల నుంచి వేసుకున్న కేప్, తగ్గిపోయిన నగలు, కట్టుబొట్టులో వచ్చిన మార్పు అన్నీ తెర మీది కథానాయికను చెరిపి, గుడిలోని మూర్తికి దగ్గర చేశాయి. 1990ల్లో ఆమెను మేరీమాతగా చూపిన పోస్టర్లు కూడా వెలిశాయి, క్రైస్తవులు అభ్యంతరం చెప్పారు. ఎవరికీ భార్య కాని, ఎవరికీ జన్మనివ్వని మనిషి అందరికీ తల్లి కావడం జనానికి వింతగా అనిపించలేదు. మన గ్రామదేవతల్లో చాలామందికి మొగుడు లేడు, పిల్లలు లేరు, ఊరంతా మాత్రం వాళ్ల బిడ్డలే. ఈ దారి ముందే వేసి ఉంది.

ఆమె పనుల్లో తల్లితనానికి నిజంగా తగినవి ఉన్నాయి, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. 1992లో సేలం ప్రాంతంలో ఆడశిశువులను పుట్టగానే చంపేస్తున్న రోజుల్లో ఊయల పథకం తెచ్చారు: పెంచలేకపోతే చంపొద్దు, బిడ్డను ఈ ఊయలలో వదిలేయండి, ప్రభుత్వం పెంచుతుంది అని. అదే కాలంలో మహిళా పోలీస్ స్టేషన్లు మొదలుపెట్టారు. 2013లో చెన్నై కార్పొరేషన్ చేత అమ్మ ఉణవగం, అంటే అమ్మ క్యాంటీన్, పెట్టించారు. ఇడ్లీ రూపాయి, సాంబారన్నం అయిదు, పెరుగన్నం మూడు. తర్వాత వరసగా పది రూపాయల అమ్మ నీళ్ల సీసా, అమ్మ ఉప్పు, అమ్మ మందుల షాపు, 190 రూపాయల అమ్మ సిమెంటు బస్తా, బాలింతలకు అమ్మ కిట్టు.

నేనొకసారి చెన్నై సెంట్రల్‌లో దిగి, ఎదురుగా ఉన్న పెద్ద ప్రభుత్వాసుపత్రిలో చేరిన బంధువును చూడ్డానికి వెళ్లాను. పొద్దున్నే ఉణవగం ముందు వరసలో నిలబడ్డాను. టోకెన్ తీసుకుని, స్టీలు పళ్లెంలో ఇడ్లీ మీద సాంబారు పోయించుకుని, నిలబడి తినే బల్ల దగ్గరకెళితే పక్కన నెల్లూరు వైపు పెద్దాయన ఒకాయన ఉన్నాడు. కొడుకును ఆసుపత్రిలో చేర్చి వారమైందట. ఇడ్లీ వేడిగా ఉంది, వంట చేసే ఆడవాళ్లు చకచకా పళ్లేలు నింపుతున్నారు. ఆయన తృప్తిగా చెయ్యి కడుక్కుని, “పది రూపాయలకు కడుపు నిండె. ఇట్లా ఎవురు పెడతారయ్యా, తల్లి తప్ప” అన్నాడు. ఇది కార్పొరేషన్ డబ్బు కదా పెద్దాయనా, ఇక్కడి జనం కట్టిన పన్ను కదా అన్నాను. ఆయన గోడ వైపు చూపించాడు. “ఆయమ్మే పెడతా ఉండాది. బొమ్మ ఉండాది గదా.”

ఆ పెద్దాయన ఆకలి నిజం, ఆ కృతజ్ఞత నిజం. దాన్ని తక్కువ చేసే హక్కు నాకు లేదు. కానీ ఆ గోడ మీది బొమ్మ చేసిన పని అక్కడే అర్థమైంది. పన్ను కట్టినవాడికి హక్కుగా రావలసిన అన్నం, తల్లి చేతి ముద్దగా మారిపోయింది. హక్కయితే రేపు ఇడ్లీ చల్లారిపోతే అడగొచ్చు, సాంబారు పలచబడితే ఫిర్యాదు చేయొచ్చు, ఈ ఊళ్లో ఉంది మా ఊళ్లో ఎందుకు లేదని నిలదీయొచ్చు. అమ్మ పెట్టిన ముద్దకు వంక పెట్టేవాడు కృతఘ్నుడు. ఏ ఇంట్లోనూ పిల్లలు తల్లిని లెక్కలు అడగరు.

2015 డిసెంబరులో చెన్నైని వరదలు ముంచెత్తినప్పుడు ఇది బాహాటంగా బయటపడింది. ఎవరెవరో సొంత డబ్బుతో తెచ్చిన సహాయ పొట్లాల మీద ముఖ్యమంత్రి బొమ్మ ఉన్న స్టిక్కర్లు అంటించాకే పంచనిస్తున్నారని స్వచ్ఛందంగా పనిచేసినవాళ్లు ఫిర్యాదు చేశారు. నడుంలోతు నీళ్లలో నిలబడ్డవాడి చేతికి వచ్చే బిస్కెట్ పొట్లం కూడా అమ్మ చేతి మీదుగానే రావాలన్నమాట. అంతకు ముందు ఏడాది, 2014 సెప్టెంబరు 27న అక్రమాస్తుల కేసులో బెంగళూరు ప్రత్యేక కోర్టు ఆమెకు నాలుగేళ్ల జైలు, 100 కోట్ల జరిమానా వేసింది. రెండు రోజుల తర్వాత ఆమె స్థానంలో ప్రమాణం చేసిన పన్నీర్‌సెల్వం, ఆయన మంత్రులు ప్రమాణ పత్రం చదువుతూ ఏడ్చారు. కోర్టు అడిగింది ఆస్తుల లెక్క. వీధుల్లో జనం మాట్లాడింది అమ్మకు జరిగిన అన్యాయం గురించి. ఆ రెండూ ఒకదానికొకటి ఎక్కడా తగల్లేదు. 2015లో హైకోర్టు ఆమెను నిర్దోషిగా వదిలింది. ఆమె పోయాక, 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మొదటి తీర్పునే నిలబెట్టి మిగతా నిందితులను జైలుకు పంపింది.

అదే సమయంలో వారసత్వం ఏ దారిలో నడిచిందో కూడా చూడాలి. 2016 డిసెంబరు 5న జయలలిత కన్నుమూశారు. నెల తిరక్కుండానే ఆమె నెచ్చెలి, అదే కేసులో నిందితురాలు అయిన శశికళ పార్టీ ప్రధాన కార్యదర్శి అయ్యారు, ఫ్లెక్సీల మీద ఆమె పేరు చిన్నమ్మ. ఎన్నికల్లో ఎన్నడూ పోటీ చేయని మనిషికి ఒక పార్టీని అప్పగించడానికి చుట్టరికపు మాట ఒక్కటి సరిపోయింది. అమ్మ లేకపోతే పిన్నమ్మ, ఇంటి లెక్క అంతే. జైలుకు వెళ్లే ముందు ఆమె మెరీనాలో సమాధి మీద మూడుసార్లు అరచేత్తో కొట్టి శపథం చేసిన దృశ్యాన్ని దేశమంతా టీవీలో చూసింది. 2018లో శశికళ సోదరి కొడుకు దినకరన్ కొత్త పార్టీ పెడితే అందులోనూ ముందు నిలిచిన మాట అమ్మ.

చుట్టరికపు పిలుపు ఎప్పుడూ దానం దగ్గరే ఆగాలని లేదు. ఎన్టీఆర్ తెలుగింటి ఆడపడుచులకు అన్న అయ్యారు. ఆ అన్న ప్రభుత్వమే హిందూ వారసత్వ చట్టాన్ని రాష్ట్రంలో సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు, ఆ లోటు అప్పట్లో చాలామందికి కడుపుమంటే. అయినా దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది, మన దగ్గర ఇరవై ఏళ్ల ముందే వచ్చింది. అన్న పోయినా, ప్రభుత్వం మారినా, ఆ వాటా అడగడానికి ఏ ఫొటోకూ దండం పెట్టనక్కర్లేదు. దస్తావేజు పట్టుకుని కోర్టుకు వెళ్లొచ్చు. పథకాన్ని నేను ఈ గీటురాయి మీదే చూస్తాను. బొమ్మ తీసేస్తే అది నిలబడుతుందా అని. అమ్మ ఉణవగం విషయంలో ఒక మంచి జరిగింది. 2021 మేలో ఎన్నికలు గెలవగానే డీఎంకే వాళ్లు కొందరు ఒకచోట బోర్డు పీకేస్తే, ఆ పార్టీ నాయకుడు స్టాలిన్ దాన్ని మళ్లీ పెట్టించి వాళ్ల మీద చర్య తీసుకోమన్నారు. ఇడ్లీ ఆగలేదు.

సొంత పిల్లలున్న తల్లులు రాజకీయాల్లో ఆ తల్లితనాన్ని ఎలా వాడారన్నది ఇంకో కథ. నికరాగువాలో వయొలేతా చమోరో అనే ఆవిడ 1990లో అధ్యక్షురాలిగా గెలిచింది. పత్రికాధిపతి అయిన భర్తను 1978లో కాల్చి చంపారు. దేశం అంతర్యుద్ధంలో రెండుగా చీలితే ఆమె ఇల్లూ చీలింది. నలుగురు పిల్లల్లో ఇద్దరు ప్రభుత్వం వైపు, ఇద్దరు ఎదురు వైపు. తెల్లబట్టలు కట్టుకుని ప్రచారం చేసిన ఆవిడ జనానికి చెప్పుకున్నది ఇదే: నా ఇంట్లో ఈ పిల్లలందరినీ ఒక్క బల్ల దగ్గర కూర్చోబెట్టగలిగాను, దేశాన్నీ కూర్చోబెడతాను అని. అక్కడ తల్లితనం ఒక రాజకీయ హామీ అయింది, ఆ హామీకి రుజువు ఆ ఇంట్లోనే ఉంది.

మన దగ్గర ఇదే కథ తలకిందులుగా నడవడం చూశాం. 2009 సెప్టెంబరు 2న వై.ఎస్. హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. 2012 మేలో ఆయన కొడుకు జగన్ అరెస్టయ్యాక, జూన్ ఉప ఎన్నికల ప్రచారానికి బయల్దేరింది తల్లి విజయమ్మ, కూతురు షర్మిల. చేతిలో బైబిల్, మాటలో తడి, ఎదురుగా కళ్లు తుడుచుకుంటున్న ఆడవాళ్లు. 18 అసెంబ్లీ స్థానాల్లో 15 జగన్ పార్టీ గెలిచింది. ఆ గెలుపులో మానిఫెస్టో పాలెంతో గాని, భర్త పోయి కొడుకు జైల్లో ఉన్న తల్లి కంటతడి పాలు పెద్దది. రెండేళ్లకే, 2014లో, అదే విజయమ్మ విశాఖపట్నం లోక్‌సభకు నిలబడితే జనం ఓడించారు. బిడ్డ కోసం అడిగినప్పుడు పనిచేసిన తల్లితనం, తన కోసం అడిగినప్పుడు పనిచేయలేదు. ఇది గమనించాల్సిన సంగతి: త్యాగం చేసే తల్లికి ఓటు పడుతుంది, తనకంటూ ఒక పదవి కోరుకునే తల్లిని జనం అంత తేలిగ్గా ఒప్పుకోరు. ఆ తర్వాత అన్నాచెల్లెళ్లు విడిపోయారు. 2022 జులైలో విజయమ్మ కొడుకు పార్టీ గౌరవాధ్యక్ష పదవి వదులుకుని కూతురి వైపు నిలిచారు. 2024లో కడపలో షర్మిలకు ఓటేయమని అమెరికా నుంచి వీడియోలో అడిగారు, షర్మిల ఓడిపోయారు. ఇద్దరు పిల్లల మధ్య ఎటు నిలబడ్డా మాట పడే స్థితి ఏ తల్లికీ రాకూడదు. ఆ బాధను ఊరూరా చర్చకు పెట్టుకున్నందుకు నాకు మనందరి మీదా కోపం వస్తుంది.

బిడ్డను కనడమే దాచుకోవాల్సి వచ్చిన రోజులూ ఉన్నాయి. బేనజీర్ భుట్టో గర్భవతిగా ఉన్నారని తెలిసే పాకిస్తాన్ సైనిక పాలకుడు జియా ఉల్ హక్ ఎన్నికల తేదీలు చూసుకున్నారని ఆమే తర్వాత చెప్పుకున్నారు. 1988 సెప్టెంబరులో కొడుకు పుట్టాడు, నవంబరులో ఆమె గెలిచారు. 1990 జనవరిలో ప్రధానిగా ఉండగా రెండో బిడ్డ. ప్రధానికి ప్రసూతి సెలవేమిటని ప్రతిపక్షం రాగం తీస్తున్న రోజులు కాబట్టి, ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి వెళ్లి ఆపరేషన్ చేయించుకుని, మర్నాడే ఫైళ్లు ముందేసుకున్నారు. కడుపు కోసిన మర్నాడు. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లకు న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డెర్న్ పదవిలో ఉండగా బిడ్డను కని, ఆరు వారాలు సెలవు తీసుకుని, మూడు నెలల పాపతో ఐక్యరాజ్యసమితి సభకు వచ్చి కూర్చున్నారు. ఆ పాప పుట్టింది జూన్ 21న. బేనజీర్ పుట్టినరోజూ అదే.

తల్లి కాని స్త్రీని తక్కువ చేయడానికి కూడా ఈ ఆయుధమే వాడతారు. 2016లో బ్రిటన్ ప్రధాని పదవికి పోటీలో మిగిలిన ఇద్దరూ స్త్రీలే. తనకు పిల్లలున్నారు కాబట్టి దేశ భవిష్యత్తులో తనకు నేరుగా వాటా ఉందన్నట్టు ఆండ్రియా లెడ్‌సమ్ ఒక పత్రికతో మాట్లాడారు. ఎదుటి అభ్యర్థి థెరిసా మేకు పిల్లలు లేరు. దుమారం లేచి, లెడ్‌సమ్ క్షమాపణ చెప్పి రెండు రోజుల్లో పోటీ నుంచి తప్పుకున్నారు. మనసున్నవాళ్లు అక్కడ ఎక్కువ మందే ఉన్నారనుకున్నాను.

మగ నాయకులకు కూడా అమ్మ పేరు కావాలి. 2020 జనవరిలో చిత్తూరులో మొదలైన అమ్మ ఒడి, ప్రభుత్వం మారాక తల్లికి వందనం అయింది. డబ్బు తల్లి ఖాతాలో పడుతుంది, అది మంచిదే.

ఇప్పుడు పైనుంచి కిందికి, పంచాయతీ దాకా దిగుదాం. నాకు ఎక్కువ కష్టంగా అనిపించేది అక్కడే. 73వ రాజ్యాంగ సవరణతో పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలకు వచ్చాయి. ఆ సవరణకు తగినట్టు 1994లో చేసిన ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టంలోనే ఇంకో నిబంధన పెట్టారు: ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలున్నవాళ్లు పోటీకి అనర్హులు. ఒక చేత్తో కుర్చీ చూపించి ఇంకో చేత్తో గడప మూసిన పని అది. ఎంతమంది పిల్లలను కనాలన్నది మన పల్లెల్లో కోడలి చేతిలో ఎప్పుడుంది? మగపిల్లాడు కావాలని అత్తింటివాళ్లు మూడో కాన్పుకు పట్టుబడితే, ఆ మూడో బిడ్డ పేరు చెప్పి నామినేషన్ కొట్టేసేది ఆ తల్లిదే. స్త్రీకి రిజర్వయిన ఊళ్లో, పనిచేయగల మనిషిని ఈ లెక్క కింద పక్కన పెట్టి, పిల్లలు తక్కువున్న ఇంకో ఇంటి కోడలి చేత సంతకం పెట్టించిన ఊళ్లు నాకు తెలుసు. ఫ్లెక్సీ మీద అమ్మ అయితే జై కొట్టిన ఊరే, ముగ్గురు పిల్లల అమ్మను అనర్హురాలంది. ఇలాంటి నిబంధన రాజ్యాంగబద్ధమేనని హర్యానా కేసులో సుప్రీంకోర్టు 2003లో చెప్పింది. చట్టం వచ్చిన ముప్పై ఏళ్లకు, 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధనను తీసేసింది. జననాల రేటు పడిపోతోంది, పిల్లలు కావాలి అన్నది అప్పుడు చెప్పిన కారణం. ఈ ముప్పై ఏళ్లలో పోటీకి నోచుకోని తల్లుల గురించి చర్చ జరగలేదు.

చివరిగా ఒక గది గురించి చెప్పాలి. మహారాష్ట్రలో నాసిక్ జిల్లా దేవ్‌లాలీ నుంచి గెలిచిన సరోజ్ అహిరే అనే ఎమ్మెల్యే, 2022 డిసెంబరులో నాగ్‌పుర్ శీతాకాల సమావేశాలకు రెండున్నర నెలల బిడ్డను ఎత్తుకుని వచ్చారు. తల్లిగా బిడ్డను వదల్లేను, ఎమ్మెల్యేగా సభ మానలేను అన్నారు. ఆ ఫొటో దేశమంతా తిరిగింది, అందరూ మెచ్చుకున్నారు. పాలిచ్చే తల్లులకు అక్కడ ఒక గది ఏర్పాటైంది. అలాంటి గదులను ఆ రాష్ట్రంలో హిర్కణి గది అంటారు. శివాజీ కాలంలో రాయ్‌గఢ్ కోటలోకి పాలమ్మడానికి వెళ్లి, పొద్దు వాలి తలుపులు మూసేస్తే, ఇంట్లో పసిబిడ్డ ఆకలికి ఏడుస్తుందని చీకట్లో నిలువునా ఉన్న కొండ దిగిపోయిందట హిర్కణి. ఆమె దిగిన చోట శివాజీ బురుజు కట్టించాడని జనం చెప్పుకుంటారు. రెండు నెలల తర్వాత బడ్జెట్ సమావేశాలకు అహిరే ముంబయి విధానభవన్‌కు వచ్చారు. అక్కడి హిర్కణి గది తలుపు తీస్తే లోపల దుమ్ము. బిడ్డను పడుకోబెట్టడానికి తగిన ఏర్పాటు లేదు. బిడ్డను ఎత్తుకునే బయటికొచ్చి, కెమెరాల ముందు ఆమె ఏడ్చేశారు.